నోరు మూయించిన లైను

కూర వండకముందే, సరుకులు చూసి ఉప్పెక్కువైందనేవాళ్ళని చూశారా? మా ఇంట్లో ఉన్నారు. మా ఆవిడ హిల్కా లిఫ్టులు చేసే కంపెనీలో, సీ అనే కంప్యూటర్ భాషలో రాసిన ప్రోగ్రాములు తనిఖీ చేస్తుంది. అందుకు ఆమె దగ్గరో సాఫ్ట్‌వేర్ ఉంది. అది ప్రోగ్రామును నడపదు, ఊరికే చదివి వంకలు పెడుతుంది. అచ్చం మా అత్తగారు లెంపిలాగే.

నా బాధల్లా కట్టెలు. ఫిన్లండ్‌లోని మా టాంపెరేలో శనివారం సౌనా అనే ఆవిరిగదిలో కూర్చుని ఆవిరి పట్టకపోతే వారం గడిచినట్టే కాదు. సరస్సు ఒడ్డున ఉన్న మా సౌనా పొయ్యికి దుంగలు చీల్చేది నేనే. ఆ చాకిరీ తప్పించుకుందామని ఇంట్లోనే ఓ గదిలో కరెంటు పొయ్యి పెట్టాను. అది వేళకు తనే వేడెక్కేలా సీలో ప్రోగ్రాము రాశాను.

తనిఖీలో తప్పు రాకపోతే ఈ శనివారం అమ్మకు నీ సౌనాయేనంది హిల్కా. అది బాగా కాగితే ఇక కట్టెలే వద్దంది.

తనిఖీ ఒక్క లైను దగ్గర పట్టుకుంది. వేడి కొలిచే తీగ జవాబివ్వకపోతే ప్రోగ్రాములో వేడి అంకె ఉండాల్సిన చోట ఏ అంకె ఉంటుందో చెప్పలేమట. ఎందుకివ్వదు? కొత్త తీగ. దానికి నేను పూచీ. అయినా జన్మలో ఆవిరి పట్టని సాఫ్ట్‌వేరా నాకు చెప్పేది?

నేను దిద్దలేదు. ఆ లైను పక్కన ‘ఇది చూడొద్దు’ అని రాశాను. అలా రాస్తే అది మర్యాదగా నోరు మూసుకుంటుంది. మళ్ళీ నడిపితే ఒక్క తప్పూ లేదు. హిల్కాకు చూపించాను. బాగుందని నవ్వింది. ఆ నవ్వునే తనిఖీ చేయాల్సింది.

శనివారం అత్తగారు తువ్వాలు చుట్టుకుని, ఒంటికి తట్టుకునే బర్చ్ కొమ్మల కట్టతో లోపలికెళ్ళారు. కాసేపటికి తలుపు తెరుచుకుంది.

“అల్లుడూ, ఇది సౌనానా, బంగాళాదుంపలు దాచే నేలమాళిగా?”

తీగ ఊడిపోయింది. అక్కడ మిగిలిన ఏదో పిచ్చి అంకె చూసి, తాను ఇప్పటికే కాగిపోయాననుకుని పొయ్యి హాయిగా ఊరుకుంది.

“పదమ్మా, ఒడ్డున సౌనా కాగే ఉంది,” అంది హిల్కా.

“అంటే నీకు ముందే తెలుసా?”

“ఓస్మో, నువ్వు చూడొద్దన్న చోట్లు చూపించమంటే ఆ సాఫ్ట్‌వేర్ అవీ చూపిస్తుంది. మా ఆఫీసులో మొదట చూసేవే అవి.”

“మరి నాకు చెప్పొచ్చుగా.”

“అది చెప్పింది కదా. నువ్వే నోరు మూయించావు.”

ఒళ్ళు మండిపోయింది. ఆ గదిలో మండింది అదొక్కటే.

మర్నాడు మళ్ళీ గొడ్డలి పట్టాను. చీల్చినవి ముందు వరసగా పేర్చి, మొండికేసిన దుంగల్ని వెనక టార్పాలిన్ కింద కప్పేశాను. అత్తగారు కాఫీ కప్పుతో వచ్చారు. ముందు వరస వైపు కన్నెత్తయినా చూడలేదు. తిన్నగా వెనక్కి వెళ్ళి, టార్పాలిన్ ఎత్తారు.