చచ్చినా లేవా

శాస్త్రవేత్తలు నవ్వకూడదని రాజ్యాంగంలో ఎక్కడా లేదు. ఆ లోటును పంజాగుట్టలోని ఒక కీటక విజ్ఞాన కేంద్రం 'హాస్య పరిశీలన ఉపసంఘం' వేసి పూడ్చింది.

ఆ ఉపసంఘం ముందుకు వచ్చిన మొదటి ముద్దాయి డాక్టర్ రాగసుధ. అమీర్‌పేట హాస్టళ్లలో ఉప్మా రవ్వ జల్లించి జల్లించి, ప్రపంచంలో ఎవరూ చూడని పురుగును ఆమె పట్టుకుంది. (హాస్టల్ పిల్లలు రోజూ చూస్తూనే ఉన్నారు. కానీ ఆవాలనుకుని తినేస్తున్నారు కాబట్టి అది పరిశోధన కిందికి రాదు.) ముట్టుకుంటే చాలు, ఆ పురుగు కాళ్లు ముడుచుకుని చచ్చినట్టు పడుంటుంది. కనిపెట్టినవాళ్లదే పేరు పెట్టే హక్కు. పేరు మాత్రం లాటిన్‌లా వినబడాలి. రాగసుధ పెట్టిన పేరు 'చచ్చినా లేవా'.

"ఏంటమ్మా ఇది?" అన్నారు కేంద్రం డైరెక్టరూ, ఉపసంఘం అధ్యక్షులూ అయిన హనుమత్‌ప్రసాద్ గారు.

"పురుగు పేరండీ. చిన్న చమత్కారం."

"మరి ఎక్కడ నవ్వాలో రాయలేదేంటి?"

రాసిచ్చింది. నవ్వు రెండో పదం తర్వాత రావచ్చుననీ, రాకపోయినా శాస్త్రానికి నష్టం లేదనీ. ఉపసంఘం ఆ పేరును సభ్యుల మీద ప్రయోగించి చూసింది. ఒకాయన నవ్వాడు. ఆయన్ని ఉపసంఘం నుంచి తప్పించి, ఫైలు వెనక్కి పంపారు.

ఈలోగా అదే పురుగు మీద మరో రాష్ట్రంలో వ్యాసం సిద్ధమవుతోందని తెలిసింది. ఉపసంఘం ఆమోదం లేనిదే రాగసుధ వ్యాసం అచ్చుకు వెళ్లదు. వాళ్లది ముందు అచ్చయితే ఆమె ఏళ్ల శ్రమంతా ఉత్త రవ్వ జల్లించడమే అవుతుంది. ఆమెకు అన్నం సహించలేదు.

పక్క గదిలో సాలీళ్ల మీద పనిచేసే విజయేందర్ టీ తెచ్చి ముందు పెట్టాడు.

"గింత ఫికర్ ఎందుకక్కా? దానికి సార్ పేరే పెట్టెయ్. గాయిన మస్తు ఖుష్ అయితడు."

"పురుగు లక్షణాలు చదివితే?"

"సంతకం పెట్టెటోళ్లు ఎన్నడన్న చదివిండ్రా?"

ఆమె పేరు మార్చింది. వర్ణనలో ఒక్క అక్షరం ముట్టుకోలేదు. ఆ సాయంత్రమే 'హాస్యం ఆనవాళ్లు లేవు' అన్న ముద్రతో ఆమోదం వచ్చింది. వ్యాసం అందరికంటే ముందు అచ్చయింది.

సన్మాన సభలో హనుమత్‌ప్రసాద్ గారు తన పేరు మోస్తున్న పురుగు వర్ణనను స్వయంగా, గద్గద స్వరంతో చదివారు: "కదిలిస్తే చచ్చినట్టు నటిస్తుంది. భోజనాల వేళకు లేస్తుంది. చేరిన చోటు పూర్తిగా పాడయ్యేదాకా అక్కడి నుంచి కదలదు."

సభలో ఎవరూ నవ్వలేదు. అందరి ప్రమోషన్ ఫైళ్లూ ఆయన దగ్గరే ఉన్నాయి.