చెయ్యి పెట్టద్దన్న కత్తి

దసరా లోపల మగ్గం గుంట అంచు సరిచేసుకోవాలనుకున్నాడు లక్ష్మన్న. ఎమ్మిగనూరులో మూడు తరాలుగా ఆ గుంటలోనే కాళ్లు పెట్టుకుని చీరలు నేస్తున్న ఇల్లు వాళ్లది. ఆ ఉదయం అనుకున్న పని చిన్నదే. నాలుగు తట్టల మన్ను తీసి, తడిమట్టితో మెత్తి, పదింటికల్లా మళ్లీ నేతకు కూర్చోవాలి. మూడో తట్టలో కత్తి వచ్చింది.

మూరెడు పొడవు, మూడు వంకరలు, పిడి దగ్గర రెండు చిల్లులు, ఒళ్లంతా తుప్పు. కొడవలి కాదు, వేటకత్తి కాదు. లక్ష్మన్నకు తాత గుర్తొచ్చాడు. కరువు ఏళ్లలో ఎక్కడి నుంచో కట్టుబట్టలతో వచ్చి, ఆ గుంట తవ్వుకున్నది తాత. సొంత ఊరి మాటెత్తితే మొహం తిప్పుకునేవాడట. ఆ పేరు చెప్పకుండానే పోయాడు. కులపెద్దలు మూలం అడిగిన ప్రతిసారీ లక్ష్మన్న తల గోక్కోవలసి వచ్చేది. ఇప్పుడు ఈ కత్తి ఏ ఊరిదో తేలితే, తమది ఏ ఊరో తేలినట్టే.

కర్నూలు హాస్టల్‌కు బయలుదేరుతున్న కూతురు పవిత్ర, నాన్న చేతిలో కత్తి పెట్టి ఫోటో తీసింది. ముత్తాత సంగతి కూడా రాసి, తమ కాలేజీలో చరిత్ర చెప్పే సాయిప్రసాద్ సార్‌కు పంపింది. గంటలో బస్సులోంచే తల్లికి ఫోన్ చేసింది.

"మా, సార్ ఎల్లుండి వస్తాడంట. అంతవరకు దానిమింద ఎవురూ చెయ్యి పెట్టద్దండి!"

ఎందుకో చెప్పేలోగా సిగ్నల్ పోయింది. ఉరుకుందమ్మ ఫోన్ పక్కన పెట్టి ఆలోచనలో పడింది.

"అంత చదువుకున్నాయప్ప ముట్టద్దన్న్యాడంటే ఊరికే కాదు. విషమన్నా పూసింటారు, చౌడమ్మ తల్లన్నా ఉంటాది."

"అయితే ఏం జేద్దాం?" అన్నాడు లక్ష్మన్న.

"విషమైతే కడగల్ల. తల్లైతే కడిగి పూజ జేయల్ల."

ఎటు తిరిగినా చింతపండే తేలింది. సాయంత్రం దాకా ఇటుకపొడి వేసి ఇద్దరూ తోమారు. తుప్పు సగం పోయి, సగం మచ్చలుగా మిగిలింది. అంత పెద్దాయనకు ఈ మచ్చల కత్తి ఎలా చూపించడం? మర్నాడు లక్ష్మన్న దాన్ని సంతలో సానపట్టే ఓబులేష్ దగ్గరకు తీసుకుపోయాడు.

"మొగం కనపడేట్ల జేయప్పా. అమ్మవారిది."

"అమ్మవారిదా? దుడ్లొద్దులేన్నా," అని ఓబులేష్ చెప్పులు విడిచి, భక్తికొద్దీ రెండు వైపులా రెండేసి సార్లు పట్టాడు. ఆ మాట అతని నోటి నుంచి సంతకూ, సంత నుంచి వీధికీ పాకింది. మూడో రోజు సాయిప్రసాద్ సార్ వచ్చేసరికి లక్ష్మన్న ఇంట్లో కత్తికి పసుపు, కుంకుమ, బంతిపూల దండ, గడప ముందు పదకొండు కొబ్బరి చిప్పలు ఉన్నాయి.

సార్ దండ తీశారు. కుంకుమ తుడిచి, భూతద్దం పెట్టి ఇటు తిప్పారు, అటు తిప్పారు. తర్వాత గుంట అంచున కూలబడ్డారు.

"లక్ష్మన్నా, దీనిమీద అక్షరాలుండె గదా. యాడికి పోయినాయి?"

"అక్షరాలు యాడివి సార్? వట్టి తుప్పుండె. అంతా తీసేసినాం!" గర్వంగా చెప్పాడు లక్ష్మన్న.

"ఇది యుద్ధం కత్తి కాదు. మీ నేతోళ్లు చౌడమ్మ ముందర సేవకు పట్టేది. ఏ గుడిదైతే ఆ ఊరి పేరు చెక్కిచ్చేవాళ్లు. మీ తాత అన్నీ వదిలేసొచ్చినా, ఊరి పేరు మాత్రం తెచ్చుకున్న్యాడు."

ఉరుకుందమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూనే ఉండిపోయింది. లక్ష్మన్నకు ఏడుపొచ్చింది, ఇంటినిండా జనం ఉన్నారని ఆపుకున్నాడు. తాత నోటితో చెప్పలేని మాటను ఇనుము మీద దాచుకున్నాడు. మన్ను కూడా తినకుండా వదిలిన ఆ మాటను తాను దండం పెట్టి మరీ అరగదీయించాడు.

"ఫోటో ఉండాది గదా సార్!" అన్నాడు ఉన్నట్టుండి, ప్రాణం లేచొచ్చినట్టు.

సార్ ఫోన్ తీసి ఫోటో పెద్దది చేసి చూపించారు. తుప్పులో చివరి రెండక్షరాలు స్పష్టంగా ఉన్నాయి: పల్లె. వాటి ముందు, ఊరి పేరంతటినీ కప్పేస్తూ, లక్ష్మన్న బొటనవేలు.

"ఆ వేలు కింద ఏముండాదో చూద్దామనే వచ్చినా," అన్నారు సార్.

లక్ష్మన్న తన బొటనవేలు ఒకసారి చూసుకున్నాడు. "కర్నూలు, కడప జిల్లాల్లో పేరు చివరన పల్లె అని ఎన్ని ఊర్లుంటాయి సార్?" అని మెల్లగా అడిగాడు.

సార్ వేళ్లు మడవడం మొదలుపెట్టి, కాసేపటికి ఆపేసి, మంచినీళ్లు అడిగారు.