రెండు వాకిళ్ళ హోటల్లో అరకప్పు విజయము

వెండికొండల వరుసలు నెత్తిన మంచు దాల్చి నిలిచిన సీమలో, ఎంత చలికైనా గడ్డకట్టనని పట్టుబట్టిన ఇస్సిక్-కుల్ మహాసరోవర తీరమున, తోటలలో ఆపిల్ పండ్లు కోసి గడ్డిమీద రాశులు పోసిన కాలమున, మధ్యాహ్న మార్తాండుడు కరకోల్ పట్టణపు రేకుల కప్పులను ధగధగలాడించుచుండగా, సరస్సుగట్టు హోటలు భోజనశాలలో, ఒకానొక గుండ్రబల్ల చుట్టూ జరిగిన వియ్యపురాండ్ర మహాసంగ్రామమిది. ఇందులో రక్తము చిందలేదు. కొంచెం టీ చిందింది, అదీ తెల్లగుడ్డ మీద.

ఒక పక్షమున జూరాకాన్ నిలిచెను: పెండ్లికొడుకు తల్లి, ఏడుగురిని కని పెంచిన వీరమాత, కొండవాలున మేయు గొర్రెలమంద నంతటిని ఒక్క కేకతో ఇంటికి మళ్ళించగల ఉద్దండకంఠ. ఎదుటి పక్షమున సోనున్‌బుబు: పెండ్లికూతురి తల్లి, నారిన్ కనుమలు దాటి బస్సులో కుదుపులు తిని వచ్చిన దుర్ధర్ష, మౌనమే ఆయుధముగా గల మహామానిని. ఆమె పైకోటు విప్పలేదు. సంచీ చేతిలోనుండి దించలేదు. వచ్చిన వియ్యపురాలు కోటు విప్పకపోతే పిలిచినావిడకు ముద్ద ఎలా దిగుతుంది చెప్పండి.

ఉభయసేనల నడుమ బెగిమాయ్ నిలిచెను: ఈమెకు కోడలు, ఆమెకు కూతురు, నెలలు నిండుచున్న గర్భిణి. తొలికాన్పుకు తల్లి తన దగ్గరుండాలని ఆ పిల్ల ఆశ. ఆ ఆశను అత్త చెవిలో వేసెనే గాని తల్లిని అడుగ ధైర్యము చాలదాయెను. ఏలయన, సోనున్‌బుబు ఆ ఇంట ఒక్క రాత్రియు నిలువనని కిందటేటి వసంతములో పెండ్లినుండి ఇల్లు చేరిననాడే శపథము పట్టి యుండెను. కారణము పెద్దదే. పెండ్లి సందడిలో ఎవరో తెలియనివారు ఆమెను వాకిలి పక్కన చలిగాలిలో కూర్చోబెట్టిరి. పెద్దావిడకు దక్కవలసిన గొర్రె తుంటి ఎముక మరెవరి పళ్ళెములోనికో పోయి, ఆమెకు చిన్నపిల్లల చేతికిచ్చు పక్కటెముక వచ్చెను. ఆమె ఒక్క మాట అనలేదు. తిన్నది, చేతులు తుడుచుకున్నది, వెళ్ళినది. ఆ అనని మాట నాటినుండి నేటిదాకా జూరాకాన్ నిద్రను ఎలుకవలె కొరుకుచుండెను.

“ఇంట్లో వండితే మళ్ళీ ఏదో ఒకటి అవుతుందమ్మా. హోటలుకు తీసుకెళ్ళు, గొడవుండదు” అని కొడుకు తలాయ్ ఉపాయము చెప్పి, తాను లారీ తోలుకొని పోయెను. మగవాళ్ళు ఉపాయాలు చెప్పేది లారీ ఎక్కే ముందే.

తొలి పోరు ఆసనము కొరకు. వాకిలికి అన్నిటికంటె దూరమైన చోటు అతిథిది, దానిని మించిన గౌరవము లేదు. కావున జూరాకాన్, కొండమీది డేగ కుందేటిని గుర్తించినట్లు, హాలు వాకిలికి ఆ కొసనున్న కుర్చీని గుర్తించి, రెండు చేతులా వెనుకకు లాగి, తేనె లొలుకు స్వరముతో పలికెను.

“రండి వదినగారూ. ఇది మీ చోటు.”

సోనున్‌బుబు ఆ కుర్చీ వెనుకనున్న గోడను తాపీగా చూచెను. ఆ గోడకు నిలువెత్తు గాజు తలుపొకటి, సరస్సువైపు వరండాలోనికి పోవునది.

“మళ్ళీ తలుపు పక్కనే చూశారు నాకు. పరవాలేదు వదినగారూ, అలవాటైపోయింది.”

పాత గాయముననే నాటిన బాణమది. ఐనను జూరాకాన్ చెదరదాయెను.

“అయ్యో, అది తలుపు కాదండీ, కిటికీ లాంటిది. అసలు తలుపు అదిగో, అటు.”

సరిగ్గా ఆ క్షణముననే కిటికీ లాంటిది తెరచుకొనెను. తడి తువ్వాళ్ళు భుజాన వేసుకొన్న యాత్రికులిద్దరు లోనికి వచ్చిరి. వారి వెంట సరోవరపు గాలి వచ్చెను. గాలి వెంట ఎండుటాకులు కొన్ని వచ్చెను.

జూరాకాన్ వెంటనే వ్యూహము మార్చి ఎదుటి కుర్చీ లాగెను. అది హాలు వాకిలి పక్కన తేలెను. నడిమి కుర్చీ లాగెను. దానిని రెండు వాకిళ్ళును సమదృష్టితో చూచుచుండెను. ఏ వైపు పెద్దదో, ఏ వైపు చిన్నదో మూలలైనా లేని ఆ గుండ్రబల్ల చెప్పదాయె. “మీరు కూర్చోండి” యని ఒకరు, “ముందు మీరు” అని ఒకరు, కొమ్ములు పెనవేసిన పొట్టేళ్ళవలె వెనుకకు తగ్గక, ముందుకు సాగక నిలిచియుండ, బెగిమాయ్ వాచిన పాదములు చూచుకొని అనెను:

“అమ్మా, అత్తయ్యా, నేను కూర్చుంటున్నా. మీరిద్దరూ నించునే తినండి.”

అప్పుడు సోనున్‌బుబు తనంతట తానే గాజు తలుపు పక్క కుర్చీలో చతికిలబడెను. “ఇక్కడే నయం. బస్సు వేళకి లేవడానికి వీలు.”

తొలి పోరున జూరాకాన్ ఓడెను.

మలి పోరు భోజనము. మొదట గొర్రెమాంసపు చారు వచ్చెను. ఆహా, దాని మాట చెప్పవలెనా. పైన కొవ్వు బంగారు నాణెములవలె తేలుచుండ, ఆవిరి తగిలి ముఖము మెత్తబడ, సోనున్‌బుబు గిన్నె వంచి అడుగంటా తాగెను. రొట్టె మాత్రము కాగితమంత పల్చన, దానిని ఆమె వెలుతురుకెత్తి చూచి బుట్టలోనే పెట్టెను. పిమ్మట వేయించిన సరస్సు చేప. తోక కరకరలాడగా నమిలి, “చేప బాగుంది” అని రెండు మాటలనెను. ఆ రెండు మాటలకే జూరాకాన్ హృదయాకాశమున రెండు నక్షత్రములు పొడిచెను. ఇక రావలసినది మాంసము. పెండ్లినాటి కళంకమును కడుగుటకు తుంటి ఎముక కావలెనని ముందురోజే స్వయముగా వచ్చి మరీ చెప్పిపోయిన మాంసము.

వడ్డించు యువతి మూత తీసెను. పాచికలంత ముక్కలు, నున్నగా, పైన ఒక ఆకు. అన్ని పళ్ళెములలోను ఒకటే.

“ఎముకేదమ్మా?” జూరాకాన్ పళ్ళెమును అటూ ఇటూ తిప్పి చూచెను.

“తీసేశామండీ. పెద్దవాళ్ళకి తినడానికి సుళువుగా ఉంటుందని.”

“తీసి ఏం చేశారు?”

“ఇందాక మీరు తాగిన చారులో వేశారు కదండీ. అడుగంటా తాగారుగా.”

సోనున్‌బుబు ఆకును ఫోర్కుతో పక్కకు జరిపెను. “పోనిద్దురూ వదినగారూ. ఈ ఊరి గొర్రెలకి ఎముకలుండవేమో. మా వైపు ఉంటాయి.”

మలి పోరునను జూరాకాన్ ఓడెను. బెగిమాయ్ ముక్కలు నమలుచుండెను గాని, కన్ను తల్లి ఒడిలోని సంచీ మీదనే యుండెను.

ఇక తేనీరు. కోడలున్న చోట టీ పోయవలసినది కోడలే, గొంతు తడుపునంత, అరకప్పు మించకుండ, మళ్ళీ మళ్ళీ. అరకప్పు అనగా ఇంకను కూర్చోండి, ఇంకను మాటలున్నవి అని. అంచుదాక పోసిన కప్పు అనగా తాగి లెండి, దారి చూచుకోండి అని. బెగిమాయ్ చేయి చాపునంతలోనే యువతి చిరునవ్వుతో అడ్డుపడెను.

“మీరు కూర్చోండక్కా. ఈ ఒంటితో ఎందుకు, అది మా పని.”

అని, కూజా వంచి, సోనున్‌బుబు కప్పును నింపెను. నింపి, ఇంకను నింపి, తేనీరు అంచుకంటె పైకి ఉబ్బి వణకుచుండగా ఆపి, ఎంతో మర్యాదగా వెనుకకు తగ్గి నిలిచెను.

బల్ల చుట్టూ ముగ్గురును ఆ కప్పునే చూచిరి.

సోనున్‌బుబు సంచీ మూతి బిగించెను. “సరే వదినగారూ. చెప్పకుండానే చెప్పారు. బస్సు కూడా వచ్చే వేళయింది.”

“అమ్మా, ఆ అమ్మాయికి తెలీదే.”

“పెళ్ళిలో కూడా తెలియకే చేశారు తల్లీ.”

అంతట జూరాకాన్ అంతరంగమున గర్జన పుట్టెను: ‘ఓసీ జూరాకాన్, తుపానులో తప్పిన గొర్రెపిల్లను తెల్లవారులు వెదకి చంకన పెట్టుకొని వచ్చినదానవు, కన్నకూతురివంటి కోడలికి దాని తల్లిని నిలిపి ఇయ్యలేవా? వాకిళ్ళు రెండైనచో ఒకటి లేకుండునట్లు చేయలేవా? ఉబికి వచ్చిన ఈ కప్పు ఎవరో ఒకరిని లేపక మానదు. లేచునది ఆమెయే యేల కావలె?’

ఇట్లు తలపోసి, ఆ మహాసాహసి వియ్యపురాలి కప్పును బల్ల మీదుగా తనవైపు లాగుకొనెను. కొంత తేనీరు తెల్లగుడ్డ పాలాయెను. మిగిలినదానిని, పొగలు కక్కుచున్నదానిని, నాలుక మండగా, కనుల నీరు తిరుగగా, చివరి చుక్కవరకు తాగి, కప్పు బోర్లించి చూపెను.

“నిండుకప్పు తాగింది నేను. లేవాల్సింది నేను. వెళ్ళొస్తా వదినగారూ.”

“ఎక్కడికండీ?” సోనున్‌బుబు చేయి గాలిలోనే నిలిచెను.

జూరాకాన్ గాజు తలుపున బయటికి నడచి, దానిని గట్టిగా మూసి, వరండాలోని పొడవాటి చెక్కబల్లను పట్టుకొని, పండ్లు బిగించి, కాళ్ళు నేల తన్ని, కీచుకీచుమని ఈడ్చి ఈడ్చి, తలుపునకు అడ్డముగా బిగించెను. అద్దము గుండా లోపలికి చూచి తల ఊపెను. ఇప్పుడది నిజముగానే కిటికీ. ఇక ఆ హోటలుకు వాకిలి ఒక్కటే.

ఆ మీదట వంటింటి వెనుకనున్న చెత్తడబ్బాలను దాటి, మొరుగుచున్న కుక్కను అదలించి, గాలికెగిరిన శాలువాను ఒక చేత పట్టి, భవనమునంతటిని చుట్టి, హాలు వాకిటి గడపమీద వగర్చుచు నిలిచెను.

“ఇంట్లో ఎవరమ్మా? నారిన్ నుంచి వదినగారు వచ్చి ఉన్నారని తెలిసి, చూసి పోదామని వచ్చాను.”

సోనున్‌బుబు గడపను చూచెను. వెనుక మూసుకుపోయిన అద్దమును చూచెను. తాను కూర్చున్న కుర్చీని చూచెను. గడపకు అన్నిటికంటె దూరమైన చోటు అది. పెద్దచోటు. ఆమె పెదవులు ఒకదానితో ఒకటి పోరాడి, చివరకు రెండును ఓడిపోయెను. ఆమె నవ్వెను.

“రండి రండి. చాలా దూరం నడిచినట్టున్నారు. నాలుక కాలిందా?”

“కాలింది.”

“కాలకేం మరి. పొద్దుట్నుంచీ ఊరుకుంటేనా అది. ఇటొచ్చి కూర్చోండి.” పిమ్మట యువతివైపు చేయి చాపెను. “కూజా ఇటివ్వు తల్లీ.”

“అది మా పని అమ్మగారూ.”

“నీ పని నువ్వు చేశావుగా, చూశాం. ఇటివ్వు.”

కూజా చేతికి వచ్చెను. సోనున్‌బుబు బోర్లించిన కప్పును తిప్పి, తన చేతులతో, కంటితో కొలిచి, సగమునకు సగముగా పోసి, వియ్యపురాలి ముందుకు జరిపెను. అతిథి టీ పోయదు. ఇంటిమనిషి పోస్తుంది. బెగిమాయ్ చూచుచుండగా, ఆమె కోటు గుండీలు ఒక్కొక్కటే విప్పి, కోటును కుర్చీ వెనుకకు తగిలించి, సంచీని బల్ల కిందికి తోసెను.

“ఇక్కడ గాలే తగలట్లేదు, కోటెందుకు? అది సరే, పురుడొచ్చేవరకూ నన్ను ఏ గదిలో పడుకోబెడతారు? తలుపు పక్కనైతే ఒప్పుకోను.”

“మా ఇంటికి ఒకటే తలుపండీ” అని జూరాకాన్ ప్రతిజ్ఞాపూర్వకముగా పలికెను.

ఇట్లు ఆసనమున ఓడి, ఎముకయందు ఓడి, ఇస్సిక్-కుల్ తీరమున వీరమాత జూరాకాన్ ఆర్జించిన సర్వస్వము అరకప్పు తేనీరు. అదియును చల్లారినది, పాలు తక్కువైనది. కాలిన నాలుకకు రుచియే తెలియలేదు. ఐనను ఆమె దానిని చప్పరించి చప్పరించి తాగి, ఇంకొక అరకప్పునకై కప్పు ముందుకు చాపెను.