ఒక టాబు, ఒక లాప్‌టాపు, ఒకే పొయ్యి

ఆ ఉదయం భవానీప్రసాద్ పెట్టుకున్న పని చిన్నదే. నందిగామ వెళ్ళాలి, కోడళ్ళిద్దరికీ ఒకే రకం కంప్యూటర్లు రెండు కొనాలి, భోజనం వేళకి తిరిగి జగ్గయ్యపేట వచ్చి పడాలి. అంతే.

ఒకే రకంవి రెండు అనేది ఆ ఇంటి రాజ్యాంగం. ఆయన అన్నదమ్ముల ఇళ్ళన్నీ కోడళ్ళు వచ్చిన కొన్నాళ్ళకే రెండేసి పొయ్యిలయ్యాయి. ఒక ఇంట్లో చీర అంచు దగ్గర తేడా వచ్చింది, ఇంకో ఇంట్లో మిక్సీ జారు దగ్గర. భవానీప్రసాద్ ఇంట్లో మాత్రం ఇద్దరు కొడుకులూ ఇద్దరు కోడళ్ళూ ఇప్పటికీ ఒకే పొయ్యి మీద వండిన అన్నం తింటున్నారు. బజారులో నలుగురూ కూర్చున్న చోట ఆయన వేరే గొప్పలు చెప్పుకోడు. వత్సవాయిలో ఉన్న పత్తి చేను సంగతి కూడా ఎత్తడు. "మాది ఒకటే పొయ్యండీ" అని ఊరుకుంటాడు. ఆ ఒక్క మాట నిలబెట్టుకోవడానికి ఏది కొన్నా రెండు కొంటాడు. ఒకే రంగు, ఒకే సైజు, ఒకే కంపెనీ. పెద్ద కోడలికి దగ్గొచ్చి మందు తెచ్చిన రోజున చిన్న కోడలికి కూడా ఒక సీసా తెచ్చాడు.

పెద్ద కోడలు రత్నమణి ప్రైవేటు స్కూల్లో సైన్సు టీచరు. చిన్న కోడలు లహరి పెళ్ళికూతుళ్ళ జాకెట్లకి డిజైన్లు గీసి నందిగామలో మగ్గం వర్కు చేసేవాళ్ళకి పంపుతుంది. ఇద్దరికీ ఫోను తెర చాలడం లేదు.

"రంగు కూడా చూసి తెండి" అంది భార్య రత్తమ్మ, గుమ్మంలోంచి.

"నాకు చెప్తావేంటే" అని ఆయన బస్సెక్కాడు.

నందిగామ షాపులో రత్నబాబు అనే కుర్రవాడు ఆయన మాట సగంలోనే తుంచేశాడు. "ఒకే రకంవి రెండా? దండగ బాబాయ్‌గారూ! ఈ ఆఫర్ చూడండి. ఇదిగో లాప్‌టాప్, అప్పడమంత తేలిక. దీనికి తోడు ఈ టాబ్. కీబోర్డున్న అట్టా, గీసుకునే పెన్నూ దీంతోనే వస్తాయి. జతగా తీసుకుంటే బాగా కలిసొస్తుందండి."

"రెండూ ఒక మనిషికేనా?"

"ఒక మనిషికేనండి. చదవడానికీ గీయడానికీ టాబ్, టైపు కొట్టుకోడానికి లాప్‌టాప్. రెండూ ఉంటేనే సుఖం."

"ఒక మనిషికి రెండెందుకయ్యా? ఏవన్నా నాలుగు చేతులుంటాయా?"

"కొనకముందు అందరూ అదే అంటారండీ."

ఆ తర్వాత రత్నబాబు చెప్పిందేదీ భవానీప్రసాద్ చెవికెక్కలేదు. జత అన్న మాట ఒక్కటే ఎక్కింది. ఆయనకి తెలిసిన జత ఎడ్ల జత. జతలో రెండూ సమానం. సమానం కాకపోతే అది జతే కాదు. తన కోడళ్ళు ఇద్దరు, ఇక్కడ ఉన్నది ఒక జత. ఇంతకన్నా సరిపడే బేరం ఎక్కడుంటుంది?

"ఎవరి పేరు మీద పెట్టమంటారు? రెంటికీ ఒకే పేరు పెడితే దీంట్లో గీసింది దాంట్లో కూడా కనపడుద్ది."

ఎవరి పేరు చెప్పినా రెండోవాళ్ళ మొహం ఎలా ఉంటుందో ఆయనకి తెలుసు. చెమట తుడుచుకుని, "రత్తమ్మ అని రాయి" అన్నాడు.

ఇంటికి తెచ్చి అట్టపెట్టెలు విప్పి, టాబ్ పెద్ద కోడలికీ లాప్‌టాప్ చిన్న కోడలికీ ఇచ్చాడు.

"పంతులమ్మనని నాకు పలక తెచ్చారా మావయ్యా?" అంది రత్నమణి.

"నాది చూడక్కా, ఊదితే ఎగిరిపోయేట్టుంది" అంది లహరి. "చిన్న కోడలంటే ఈ ఇంట్లో తేలికేగా."

"రెండూ సమానమేనమ్మా! జత!"

"సమానమని నోటితో చెప్తే ఎట్లా? తూస్తే పోలా?" అని రత్తమ్మ మధ్యవర్తిలా వంటింట్లోకి వెళ్ళి పాత తక్కెడ తెచ్చింది. ఒక పళ్ళెంలో టాబ్, ఒక పళ్ళెంలో లాప్‌టాప్. అట్టతో సహా ఉన్న టాబ్ నేలని తాకింది. లాప్‌టాప్ గాలిలో ఊగింది. లహరి కళ్ళల్లో నీళ్ళు కూడా ఊగాయి.

భవానీప్రసాద్ కంగారుగా అటూ ఇటూ చూసి, బుట్టలోంచి ఓ పెద్ద ఉల్లిపాయ తీసి లాప్‌టాప్ పళ్ళెంలో వేశాడు. ముల్లు తిన్నగా మధ్యకొచ్చి నిలబడింది.

"చూశారా! ఇప్పుడు సమానం!"

"అక్కకి అట్టా పెన్నూ, నాకు ఉల్లిపాయా మావయ్యా?"

ఆ సాయంత్రమే మళ్ళీ నందిగామ వెళ్ళి లాప్‌టాప్‌కి మౌస్ తెచ్చాడు. రత్నమణి తనకేదని అడిగింది. టాబ్‌కి తోలు సంచి తెచ్చాడు. లహరి సంచి వైపు చూసింది. లాప్‌టాప్‌కి కింద పెట్టుకునే స్టాండు తెచ్చాడు. ఆయన షాపులో అడుగుపెడితే చాలు, రత్నబాబు కుర్చీ తుడవడం మొదలుపెట్టేవాడు. బస్సులో కండక్టరు "నందిగామేగా" అని అడక్కుండానే టికెట్ కొట్టేవాడు. ఇంత చేసినా టాబ్ ఉన్నవాళ్ళకి లాప్‌టాప్ కావాలి, లాప్‌టాప్ ఉన్నవాళ్ళకి టాబ్ కావాలి.

చివరికి రత్తమ్మే తీర్పు చెప్పింది. వంటకి ఎలాగూ వారానికొకరి వంతు. ఎవరిది వంట వంతయితే వాళ్ళకి టాబ్. పొయ్యి పక్కన నిలబెట్టుకుని పని చేసుకోవచ్చు. వంతు లేనివాళ్ళకి లాప్‌టాప్. సోమవారం పొద్దున మార్పిడి. ఇద్దరూ తలూపారు. భవానీప్రసాద్ ఆ రోజు బజారులో పొయ్యి సంగతి రెండుసార్లు చెప్పాడు.

మొదటి వారం వంట లహరిది. కూర మగ్గేలోపల ఆమె టాబ్ మీద నందిగామ దుర్గాంబగారి అమ్మాయి మనోజ్ఞ పెళ్ళి జాకెట్టుకి వీపు డిజైన్ గీసింది. నిండా ముత్యాలతో అటొక మామిడిపిందె, ఇటొక మామిడిపిందె, వాటి నుంచి కిందికి జారే రెండు తాళ్ళు, తాళ్ళు కలిసే చోట నిండుగా ఒక కుచ్చు. రత్నమణి లాప్‌టాప్‌లో పదో తరగతి పరీక్షకి పటం తయారుచేసింది. అటొక మూత్రపిండం, ఇటొక మూత్రపిండం, వాటి నుంచి కిందికి జారే రెండు నాళాలు, నాళాలు కలిసే చోట మూత్రాశయం. పిల్లలు పేర్లు రాయడానికి చుట్టూ బాణం గుర్తులు.

సోమవారం పొద్దున మార్పిడి జరిగింది. దీంట్లో గీసింది దాంట్లో కూడా ఉంటుందని షాపువాడు మావగారికి చెప్పాడు కదా అని ఇద్దరూ నిశ్చింతగా ఉన్నారు. ఆ పూట నెట్ నత్తనడక నడుస్తోందని, ఏ బొమ్మా ఇంకా కదల్లేదని వాళ్ళకి తెలియదు. గుమ్మం ముందు స్కూలు బస్సు హారన్ మోగిపోతోంది. ఫోనులో దుర్గాంబగారు "పంపావా అమ్మాయ్, పంపావా" అంటున్నారు. తెర మీద చివరి బొమ్మ బొటనవేలి గోరంత ఉంది. రెండు పిందెలు, రెండు దారాలు. ఇద్దరికీ అది తమదిలాగే కనపడింది. టాబ్‌లో ఉన్నదాన్ని రత్నమణి ప్రశ్నపత్రంలో పెట్టేసింది. లాప్‌టాప్‌లో ఉన్నదాన్ని లహరి దుర్గాంబగారికీ మగ్గం వాళ్ళకీ పంపేసింది.

పరీక్ష అయిన మర్నాడు హెడ్మాస్టరు రత్నమణిని గదిలోకి పిలిచాడు.

"టీచర్‌గారూ, మూత్రాశయానికి కుచ్చులెందుకున్నాయండీ?"

రత్నమణి ప్రశ్నపత్రం తీసుకుని చూసింది, లహరి గీసిన జాకెట్టు డిజైను. భాగాలు గుర్తించమన్నారు కాబట్టి పిల్లలు గుర్తించేశారు. ఒకడు ముత్యాలన్నిటికీ బాణాలు వేసి 'కిడ్నీలో రాళ్ళు' అని రాశాడు. నీళ్ళు బాగా తాగాలని కింద సలహా కూడా ఇచ్చాడు.

"ఇది మేనేజ్‌మెంటు దాకా వెళ్తే మీ ఉద్యోగం సంగతి నేను చెప్పలేనండీ" అన్నాడు హెడ్మాస్టరు.

సరిగ్గా ఆ సాయంత్రమే మగ్గం వాళ్ళు పూర్తయిన జాకెట్టు ఫొటో లహరికి పంపారు. ఎర్ర పట్టుగుడ్డ మీద బంగారు జరీతో రెండు మూత్రపిండాలు ధగధగలాడుతున్నాయి. వాళ్ళు పనిమంతులు, ఏదీ వదలలేదు. బాణం గుర్తులు కూడా కుట్టారు.

"నా ఉద్యోగానికి ఎసరు పెట్టావు కదే!" అంది రత్నమణి ఇంటికి వస్తూనే.

"నువ్వు పెళ్ళికూతురి వీపు మీద ఉచ్చసంచి కుట్టించావు కదక్కా! ఎల్లుండి పెళ్ళి!"

"నా వస్తువు నా దగ్గరుంటే ఇదంతా వచ్చేదా?"

"నాది నాకిస్తే నాకు మాత్రం వచ్చేదా?"

"రేపట్నించి నా వంట నాది."

"అయితే నా పొయ్యి నాది."

పొయ్యి అన్న మాట వినగానే భవానీప్రసాద్ వెళ్ళి వీధి తలుపు వేశాడు. బజారులో నలుగురూ కళ్ళముందు మెదిలారు. తెల్లవారేదాకా ఆలోచించి, ఇద్దరికీ రెండేసి ఉంటే తగువే ఉండదని తేల్చుకున్నాడు. ఇంకో జత కొనాలి. దుర్గాంబగారి చేతులు పట్టుకుని తప్పయిందని చెప్పాలి. ఈ రెండూ అయితే పొయ్యి నిలబడుతుంది.

"నేను ముందే చెప్పానా బాబాయ్‌గారూ, ఒక మనిషికి రెండూ ఉండాలని!" అన్నాడు రత్నబాబు, పెట్టెలు కడుతూ.

ఆ పెట్టెలు చంకన పెట్టుకునే దుర్గాంబగారింటికి వెళ్ళాడు. పందిరి వేస్తున్నారు. హాల్లో హ్యాంగరుకి జాకెట్టు వేలాడుతోంది. చుట్టూ ఆడవాళ్ళు మూగి ఉన్నారు.

"అమ్మా, మా కోడళ్ళ వల్ల పొరపాటు..."

"పొరపాటేంటి అన్నయ్యగారూ!" అంది దుర్గాంబగారు. "ఎవరన్నా రెండు పిందెలూ ఒకే ఎత్తులో పెడతారు. మీ కోడలు ఎడమది ఇసుమంత పైకీ, కుడిది ఇసుమంత కిందికీ పెట్టింది. ఆ ఒంపు చూడండి! దేవుడు చేసినట్టు లేదూ?"

"ఆ మాట నిజమేనమ్మా" అన్నాడు భవానీప్రసాద్.

"కింద ఆ సంచీ ఎంత నిండుగా ఉందో!"

"ఉందమ్మా. మరి ఆ బాణాలూ..."

"దిష్టి తగలకుండానంట. మా వియ్యపురాలు చూడగానే చెప్పేసింది. మా ఆడపడుచులకీ మరదళ్ళకీ తలా ఒకటి కావాలి. అందరికీ ఒకే రకం వద్దండోయ్, ఎవరిది వాళ్ళకే ఉండాలి. లహరికి ఇందాకే ఫోన్ చేసి చెప్పా."

వాళ్ళిచ్చిన కాఫీ తాగి భవానీప్రసాద్ బస్సెక్కాడు.

ఇంటికొచ్చేసరికి రెండు పొయ్యిలు వెలుగుతుంటాయని గుండె దిటవు చేసుకుని లోపలికి అడుగుపెట్టాడు. కోడళ్ళిద్దరూ ఒకే చాప మీద తలలు ఆనించుకుని కూర్చున్నారు. మధ్యలో సైన్సు పాఠ్యపుస్తకం తెరిచి ఉంది.

"గుండె పెడదామా అక్కా?"

"గుండెకి నాలుగు గదులే, జరీ ఎక్కువ పడుద్ది. ఆకు అడ్డుకోత చూడు, ఎంత ముద్దుగా ఉందో."

"మెదడు?"

"పెళ్ళికూతురికి మెదడుందంటే మగపెళ్ళివారు ఒప్పుకోరే."

ఇద్దరూ పడీపడీ నవ్వారు. మావగారిని చూసి రత్నమణి లేచింది. "హెడ్మాస్టరుగారు ఫోన్ చేశారు మావయ్యా. వాళ్ళావిడ ఆ ప్రశ్నపత్రం చూసిందంట. పరీక్ష మళ్ళీ పెట్టుకుందాంలే గానీ ముందు ఆ జాకెట్టు ఎక్కడ కుట్టిస్తారో చెప్పమన్నారు."

"మరి ఉద్యోగం?"

"ఉంది."

"మరి... వేరు పొయ్యి?"

"అక్క లేకపోతే నాకు బొమ్మలెవరిస్తారు మావయ్యా?" అంది లహరి. "ఆ పెట్టెలేంటి?"

"ఇంకో జతమ్మా. ఇద్దరికీ రెండేసి ఉంటే బాగుంటుందని."

"ఎందుకు దండగ! అక్క లాప్‌టాప్‌లో వెతుకుద్ది, నేను టాబ్ మీద గీస్తా. ఇద్దరికీ ఒక జత చాలు."

భవానీప్రసాద్ జన్మలో అంత తేలిగ్గా ఊపిరి పీల్చుకోలేదు. పెట్టెలు పక్కన పెట్టి, కండువా దులుపుకుని, బజారుకి బయల్దేరబోయాడు.

"ఒక్క మాట మావయ్యా" అంది రత్నమణి. "మాఘమాసం ముహూర్తాలు దగ్గరకొచ్చాయి. రేపట్నించి మగ్గాలు కూడా ఇక్కడే వేయిస్తున్నాం, వంటింటి దాకా పడతాయి. మాకింక వండే తీరికుండదు. మాకూ మీ అబ్బాయిలకీ మెస్సు నుంచి క్యారేజీ చెప్పేశాం."

"నాకు బయటి తిండి పడదు కదమ్మా!"

"అందుకే కదా" అంది లహరి ప్రేమగా. "మీకూ అత్తయ్యకీ వెనక వసారాలో విడిగా పొయ్యి పెట్టించాం."

మిగతా ఇళ్ళల్లో తోడికోడళ్ళు ఒకరి నుంచి ఒకరు విడిపోయారు. ఈ ఇంట్లో తోడికోడళ్ళిద్దరూ ఒకటై ఆయన్ని విడదీశారు.

వెనక వసారాలో రత్తమ్మ పొయ్యి వెలిగించింది. పెద్ద కోడలు కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆమె గరిటె ముట్టలేదు. కొత్త టాబ్‌ని గోడకి ఆనించి పప్పు ఎలా వండాలో చూసింది. కొత్త లాప్‌టాప్ ఎందుకో ఇద్దరికీ తెలియలేదు. దాన్ని పెట్టెలోంచి తీయలేదు. ఇంత జరిగినా రత్తమ్మ మొగుణ్ణి పల్లెత్తు మాట అనలేదు, కంచం పెట్టి వడ్డించింది.

పప్పులో ఉప్పు మాత్రం వెయ్యలేదు.