లేవడానికి ఒక బల్ల

ఇకమీదట వరంగల్‌లో ఎవరూ కూర్చోరని మంత్రి వెంకట్రాజం గారు ప్రకటించారు. ఈ మాట చెప్పడానికి ఆయనను ఇద్దరు గన్‌మెన్ చెరొక చెయ్యి పట్టుకొని సోఫాలోంచి లేపారు.

"నడుం నొప్పి, మెడ నొప్పి, షుగరు, బీపీ, అన్నిటికి ఒక్కటే కారణం. కూసునుడు," అన్నారు మంత్రిగారు. "దేవుడు మనిషికి కాళ్లిచ్చిండు. కుర్చీకి సుత కాళ్లిచ్చిండు. ఎవల కాళ్ల మీద వాళ్లే నిలబడాలె."

పథకం పేరు 'నిలబడు వరంగల్'. ప్రజల వెన్నెముక గురించి ఇంతగా ఆలోచించిన నాయకుణ్ణి నేను చూడలేదు. అంతకు ముందు వారమే పరకాలలో మంత్రిగారి సభ జరిగింది. ముందు నాలుగు వరుసల్లో జనం, ఆ వెనక కనుచూపు మేర ఖాళీ కుర్చీలు. ఆ ఫొటో అన్ని పేపర్లలోనూ వచ్చింది. దానికీ పథకానికీ ఏ సంబంధమూ లేదని మంత్రిగారి పీఏ ఓంప్రకాశ్ ఎవరూ అడగకముందే చెప్పాడు.

మర్నాడే ఆఫీసుల్లో కుర్చీలు లారీలెక్కి గోడౌన్‌కు పోయాయి. ఉద్యోగులు నిలబడ్డారు. ఫైళ్లు ఎప్పుడో నిలబడిపోయి ఉన్నాయి కనుక వాటికి ఇబ్బంది కలగలేదు. సెలూన్లలో జనం నిలబడి గడ్డం గీయించుకున్నారు. ఆటోలో నిలబడడం ఎలాగో తేల్చడానికి ఒక కమిటీ వేశారు. కమిటీ నిలబడి సమావేశమై, మోకాళ్లు పట్టేసి, వాయిదా పడింది. మా బడికి కూడా బెంచీల కోసం లారీ వచ్చింది. మా బడిలో మొదటి నుంచీ బెంచీలు లేవు. పథకాన్ని ముందుచూపుతో అమలు చేసినందుకు హెడ్మాస్టరుకు శాలువా కప్పి పోయారు.

మంత్రిగారి కారులో సీటు తీయలేదు. అందులో ఆయన చేసేది కూర్చోవడం కాదు, పర్యటన.

వీటిలో దేనికీ నేను అడ్డు చెప్పలేదు. ఒక్క బల్ల దగ్గరే నాకు పనిపడింది.

దవాఖాన ముందు, వర్ధన్నపేట బస్సు ఆగే చోట, ఒక సిమెంటు బల్ల ఉంది. నా భార్య పద్మలతను దవాఖానకు తెచ్చిన రోజుల్లో అది లేదు. బస్సు వచ్చేదాకా ఆమె నా భుజం మీద చెయ్యి వేసి నిలబడేది. "ఇక్కడ కూసోను ఏమన్న ఉంటె బాగుండు," అని ఒకసారి అన్నది. ఆమె పోయాక బల్ల వేయించాను. వీపు ఆనే పలక మీద 'కీ.శే. పద్మలత జ్ఞాపకార్థం' అని రాయించాను. పెయింటరు 'జ్ఞాపకార్దం' అని రాస్తే దిద్దించాను. తెలుగు టీచరుగా నేను చేయగలిగింది అది.

జేసీబీ వచ్చిన రోజు బల్ల మీద బక్కమ్మ కూర్చొని ఉంది. ఆమెది వర్ధన్నపేట. మోకాళ్ల నొప్పికి మందుల కోసం వస్తుంటుంది. పద్మలతా ఆమే ఒకే బస్సుకు ఎదురుచూసేవాళ్లు.

"లే అవ్వా, బల్ల తియ్యాలె," అంటున్నాడు మున్సిపల్ ఇంజనీరు చైతన్య.

"నేను లేస్తె, బస్సొచ్చేదాక నువ్వెత్తుకుంటవా బిడ్డా?"

చైతన్య ఒకప్పుడు నా విద్యార్థి. నన్ను చూసి చేతులు కట్టుకున్నాడు. "ఏమనుకోకున్రి సార్. పైనుంచి ఆర్డర్. బల్ల ఉంటె జనం కూసుంటరట."

"మంత్రిగారు జనాన్ని ఏం చేయమన్నారు చైతన్యా?"

"లేచి నిలబడమన్నరు సార్."

"ఎక్కడి నుంచి లేవాలి?"

అతను ఆకాశం వైపు చూశాడు. క్లాసులో సంధి విడదీయమన్నప్పుడు కూడా అలాగే చూసేవాడు. "కూసున్నకాడి నుంచి సార్."

"మరి కూర్చోకుండా లేస్తారా?"

జేసీబీ డ్రైవరు ఇంజను ఆపేశాడు. చైతన్య పక్కకు పోయి ఓంప్రకాశ్‌తో ఫోన్లో చాలాసేపు మాట్లాడి వచ్చాడు. అతని ముఖం వెలిగిపోతోంది. "సార్, పర్మిషన్ వచ్చింది. ఇది బల్ల కాదట, లేచు సాధనమట. మంత్రిగారే వచ్చి ప్రారంభం చేస్తరట. అప్పటిదాక ఎవ్వలు కూసోవద్దట."

బక్కమ్మ అంతా విన్నది. లేవలేదు.

ప్రారంభోత్సవానికి వేదిక మీద కుర్చీలు లేవు. ఎండ ఉంది, పూలదండలు ఉన్నాయి. మెడ నిటారుగా పెట్టాలని, భుజాలు వెనక్కి లాగాలని, ఫోన్ కంటి ఎత్తున పట్టుకోవాలని, గంటకోసారి నాలుగడుగులు వేయాలని మంత్రిగారు చెప్పారు. అన్నీ మంచి మాటలే. "నన్ను చూడున్రి, నాకు అలుపనేదే లేదు," అంటూ ఆయన కిందికి వాలారు. పడిపోయారనడం సరికాదు. క్రమంగా దిగారు.

ఆయనను తెచ్చి బల్ల మీద పడుకోబెట్టారు. డాక్టరు నాడి చూసి, ఆరోగ్యంగా నిద్రపోతున్నారని చెప్పాడు. ఓంప్రకాశ్ కండువాతో విసిరాడు. సరిగ్గా ఫొటో తీసే వేళకు ఆ కండువా పద్మలత పేరుకు అడ్డం వచ్చింది. ఫొటోలో మంత్రిగారు కళ్లు మూసుకొని ఉన్నారు. మెడలో దండ ఉంది. తల పైన 'కీ.శే.' ఉంది.

విశ్రాంతి కోసం ఆయనను ఏటూరునాగారం అడవిలో గెస్ట్‌హౌస్‌కు పంపారు. అక్కడ సిగ్నల్ ఉండదు. సాయంత్రానికల్లా ఫొటో ఊరంతా తిరిగింది. పెద్ద పెద్ద నాయకులు సంతాపం ప్రకటించారు. ప్రతిపక్షం వారు కూడా మొదటిసారి ఆయనను మెచ్చుకున్నారు.

మర్నాడు నేను వెళ్లేసరికి బల్ల దగ్గర ఓంప్రకాశ్ కళ్లు తుడుచుకుంటున్నాడు. పెయింటరు పద్మలత పేరు మీద తెల్లరంగు వేసి 'వెంకట్రాజం' అని రాస్తున్నాడు. ముందు కీ.శే., వెనక జ్ఞాపకార్థం అలాగే ఉంచాడు. పేరు ఒక్కటే కదా, పని తక్కువ అన్నాడు.

"నిన్న ఆయనను కారెక్కించింది మీరే కదా ఓంప్రకాశ్ గారూ?"

"నేనే సార్. అప్పుడు గుర్రుపెడ్తుండె." అతను గొంతు తగ్గించాడు. "కానీ ఇంతమంది పెద్దోళ్లు సంతాపం చెప్పినంక, నేనొక్కన్ని బతికున్నడంటె మర్యాదుంటదా? ఆయన కుర్చీల ఎవలో ఒకలు కూసోవాలె గద. పార్టీల నా పేరే అనుకుంటాన్రు."

"అది నా భార్య పేరు," అన్నాను.

"పెద్దాయన పోయిన దుఃఖంల ఉన్నం సార్. జర అర్థం చేసుకోన్రి."

దుఃఖం సంగతి నాకు అర్థమవుతుంది.

సంతాప సభకు గోడౌన్‌లోంచి కుర్చీలన్నీ తెప్పించారు. వరంగల్ జనం చాలా రోజులకు కూర్చోవడానికి వచ్చారు. మైదానంలో ఒక్క కుర్చీ ఖాళీ లేదు. రెండు నిమిషాలు లేచి మౌనం పాటించమంటే ఎవరూ లేవలేదు. లేస్తే కుర్చీ పోతుందని భయం. కూర్చునే పాటించారు.

ఓంప్రకాశ్ మైకు పట్టుకొని, "అన్నా, మమ్మల్ని ఇడిసి ఎటు పోతివే," అంటున్నప్పుడు వెనక కారు ఆగింది. అన్న దిగారు. నేను డేరా గుంజ పక్కన నిలబడి ఉన్నాను కనుక అంతా దగ్గరగా చూశాను. మంత్రిగారు తన ఫ్లెక్సీ చూశారు, దాని మీద దండ చూశారు. తర్వాత మైదానం వైపు తిరిగి ఆ చివరి వరుస దాకా చూశారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఓంప్రకాశ్ మైకు వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. "అన్నా, అది..."

"ఫొటో తీసిన్రా?"

"తీస్తాన్రు అన్నా."

"ఎనుక దాక రావాలె. అయ్యేదాక నేను పక్కకుంట. నన్ను చూస్తె జనం లేస్తరు." ఆయన ఫ్లెక్సీ వెనక్కి పోయి నిలబడ్డారు. మెడ నిటారుగానే ఉంది.

తర్వాతి వారం బల్ల దగ్గర చైతన్య కనిపించాడు. పెయింటరు మళ్లీ పనిలో ఉన్నాడు.

"కీ.శే. ఒక్కటే తీసెయ్యమన్నరు సార్," అన్నాడు చైతన్య నా ముఖం చూడకుండా.

"పేరు?"

"ఉండనియ్యమన్నరు."

"జ్ఞాపకార్థం?"

"అది సుత ఉండనియ్యమన్నరు సార్. రాత బాగుందట."

వాళ్లు వెళ్లిపోయారు. దవాఖాన గేటులోంచి బక్కమ్మ మందుల సంచితో మెల్లగా వచ్చింది. రంగు ఆరిందో లేదో వేలితో తాకి చూసి, కూర్చొని, మోకాళ్లు రాసుకుంది. ఆమెకు చదవడం రాదు.

"ఏంది సారూ, అట్లనే నిలబడ్డవు?" పక్కకు జరిగి బల్ల మీద అరచేత్తో తట్టింది. "కూసో. మన పద్మమ్మ బల్లనే గదా."

కూర్చున్నాను.