చివరి సంచిక, మొదటి పేజీ

ఆ గురువారం పొద్దున నోర్బర్ట్ జిలిన్‌స్కీ వేసుకున్న పథకం చాలా చిన్నది. రివర్ బెండ్ లేన్స్‌కి వెళ్లాలి, వయసు మళ్లినవాళ్ల బౌలింగ్ లీగు ఆడుతుంటే ఒక ఫొటో తియ్యాలి, మధ్యాహ్నం లోపల దాన్ని ప్రెస్సుకి చేర్చాలి. దాంతో 'లేక్‌షోర్ బౌలర్' వారపత్రిక చివరి సంచిక పూర్తవుతుంది. ఆ తర్వాత ఇంటికెళ్లి, బూట్లు విప్పి, ఎవరితోనూ మాట్లాడకుండా గోడవైపు తిరిగి పడుకోవచ్చు.

మిల్వాకీ నగరం దక్షిణపు పేటల్లో ఒకప్పుడు చర్చి ఎంత దూరంలో ఉంటే, బంతి దొర్లించి పిన్నులు పడగొట్టే బౌలింగ్ హాలూ అంతే దూరంలో ఉండేది. ఇప్పుడు ఒక హాలు తివాచీల దుకాణమయింది, ఒకటి చర్చే అయిపోయింది, మిగతావి తలుపులకు చెక్కలు కొట్టించుకుని కూర్చున్నాయి. హాళ్లు పోయాక ప్రకటనలు పోయాయి, ప్రకటనలు పోయాక ఇక పత్రికకి పోవడానికి వేరే ముహూర్తం అక్కర్లేకపోయింది. మూసేస్తున్నామని నోర్బర్ట్ నలుగురికీ చెబితే ఒక్కరూ కంటతడి పెట్టలేదు. "ఇంకా వస్తోందా?" అని అడిగినవాళ్లే ఎక్కువ.

"ఫొటో తీసుకుని తిన్నగా వచ్చెయ్," అంది లారెయిన్, కాఫీ పోస్తూ. పత్రికలో అక్షరాలు కూర్చేదీ, పేజీలు అతికించేదీ, మొగుడి కోపాన్ని రీడర్లకు చేరకుండా అడ్డుకునేదీ ఆవిడే. "మొదటి పేజీలో ఎడమవైపు ఖాళీ వదిలిపెట్టాను. నువ్వు ఆలస్యం చేశావంటే మా అక్క చేసే బంగాళాదుంపల సలాడు ఎలా చెయ్యాలో వేసేస్తాను."

"వెయ్యి. మనం ఇన్నేళ్లూ రాసినదానికన్నా అదే పనికొస్తుంది జనానికి."

"అక్కడ ఆడకు. నీ మోకాలికి ఈ వారం నేను నూనె రాయలేను."

"చివరి రోజున నేనాడి ఎవర్ని ఉద్ధరించాలి?" అన్నాడు నోర్బర్ట్. అన్నాడు కానీ, బంతి కారు డిక్కీలోనే ఉంది. అది ఎప్పుడూ అక్కడే ఉంటుంది.

లారెయిన్‌కి తెలిసినదీ, నోర్బర్ట్ నోరు విప్పి ఎవరికీ చెప్పనిదీ ఒక కోరిక ఉంది. లేన్ చివర సీసాల్లా నిలబెట్టిన పది పిన్నులూ ఒక్క దెబ్బకు పడితే స్ట్రైక్. ఆట మొదలైనప్పటినుంచి పన్నెండు స్ట్రైకులు వరసగా పడితే మూడొందలు. అంతకు మించిన స్కోరు ఈ భూమ్మీద లేదు. ముప్పై నాలుగేళ్లుగా నోర్బర్ట్ ఆ అంకె పక్కన వేరేవాళ్ల పేర్లే వేస్తూ వచ్చాడు. కుళాయిలు బాగుచేసేవాడి పేరు వేశాడు, చర్చి ఫాదర్ పేరు వేశాడు, ఒక పళ్ల డాక్టరు పేరు రెండుసార్లు వేశాడు. తన పేరు మాత్రం లోపలి పేజీలో అడుగున, చందా వివరాల కింద, చీమంత అక్షరాల్లో ఉండేది. మొదటి పేజీలో ఒక్కసారి చూసుకుంటే చాలనుకున్నాడు. ఆ ఒక్కసారికీ ఇక ఒక్క సంచికే మిగిలింది.

రివర్ బెండ్‌లో అప్పటికే ఫ్రైయర్‌లో చీజు వేగుతోంది, పొద్దున్నే బీరు తాగేవాళ్లు తాగుతున్నారు. ఎల్‌రాయ్ బూత్కే జట్టులో ఒకాయనకి కాలివాపు వచ్చి రాలేదు. మనిషి తక్కువైతే ఆ జట్టు ఆట మొదలెట్టలేదు. ఎల్‌రాయ్‌కీ నోర్బర్ట్‌కీ ఒకప్పుడు ఒకే కంచంలో తిన్నంత స్నేహం. పదకొండేళ్ల కింద ఇదే హాల్లో ఎల్‌రాయ్ మూడొందలు కొట్టాడు. విసిరేచోట నేల మీద అడ్డంగా ఒక నల్ల గీత ఉంటుంది, కాలు దాన్ని దాటితే పక్కనున్న డబ్బాలో ఎర్ర దీపం వెలిగి గంట మోగుతుంది. ఆ రాత్రి ఆ డబ్బా పనిచేయడం లేదు. దీపం లేని ఆట బౌలింగ్ సంఘం లెక్కలోకి రాదని నోర్బర్ట్ వార్త తీసేశాడు. తీసేసి ఊరుకోలేదు, రూలు రూలేనని సగం పేజీ రాశాడు. అప్పటినుంచి ఎల్‌రాయ్ అతనితో మాట మానేశాడు.

"ఆర్డెల్," అన్నాడు ఎల్‌రాయ్, జట్టులోని ముసలావిడతో. "ఆ ఎడిటరుగారు ఖాళీయేనేమో కనుక్కో."

నోర్బర్ట్ రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. "ఖాళీయేనని చెప్పండి, ఆర్డెల్ గారూ. రేపట్నుంచి మరీ ఖాళీ."

"అయితే వచ్చి ఆడమను. ఎలా ఆడినా ఫరవాలేదను, మనిషి లెక్కకి ఉంటే చాలు."

"మీ ఇద్దరి మధ్యా నేనేమన్నా టెలిఫోను స్తంభాన్నా?" అంది ఆర్డెల్. "ఆడతావా, ఆడవా, అది చెప్పవయ్యా."

మోకాలి సంగతి ఆలోచించకుండా నోర్బర్ట్ డిక్కీ తెరిచాడు. మొదటి రెండు స్ట్రైకులూ ఎవరూ పట్టించుకోలేదు. మూడోదానికి ఆర్డెల్, "ఏమయ్యా ఎడిటరూ, లారెయిన్ ఇవాళ ఏం పెట్టింది?" అంది. నాలుగో దానికి హాలు యజమాని బెర్నిస్ కౌంటరు వదిలి ఏదో చెప్పబోతున్నట్టు నోరు తెరుచుకుని గబగబా వచ్చింది, పైన స్కోరు బోర్డు చూసింది, తెరిచిన నోరు మూసుకుని వచ్చినదారినే వెళ్లిపోయింది. అయిదో దాని తర్వాత ఎవరూ ఏమీ అడగలేదు.

అది అక్కడి పద్ధతి. వరసగా స్ట్రైకులు పడుతున్నవాడితో మాట్లాడకూడదు, వాడి కుర్చీలో కూర్చోకూడదు, వాడి కళ్లలోకి చూడకూడదు. ఏ పుస్తకంలోనూ ఈ మాట లేదు, కానీ పెళ్లినాటి ప్రమాణం తప్పినవాళ్లు కూడా హాల్లో తప్పని మాట ఇదొక్కటే. ఒకసారి ఎవరో పాపం తొమ్మిది స్ట్రైకుల మీదున్నవాడికి బాగా ఆడమని చెప్పినందుకు నోర్బర్ట్ అతన్ని పేరు పెట్టి మరీ పత్రికలో తిట్టాడు.

ఏడోది పడేసరికి పక్క లేన్లవాళ్లు ఆట ఆపేశారు. వంటవాడు నూనె చిటపటలాడుతోందని ఫ్రైయర్ ఆపేశాడు. ఫోను మోగితే బెర్నిస్ దాన్ని తీగతో సహా లాక్కుని సామాన్ల గదిలోకి దూరి గుసగుసలాడింది, బయటికొచ్చి నోర్బర్ట్ వైపు దీనంగా చూసింది, చూడకూడదని గుర్తొచ్చి తల తిప్పుకుంది. ఆర్డెల్ కప్పు నోటిదాకా తెచ్చి, కదిలితే ఏమవుతుందోనని, అక్కడే పట్టుకుని నిలబడిపోయింది. ఎల్‌రాయ్ ఒక్కడే మామూలుగా ఉన్నాడు. అతను పదకొండేళ్లుగా అలాగే ఉంటున్నాడు.

ఎనిమిదో దానికి నోర్బర్ట్‌కి చెవుల్లో తన గుండె తప్ప ఏమీ వినిపించలేదు. వీధి తలుపు తెరుచుకోవడం, ఎవరో "టైమయింది, బయల్దేరదామా?" అనడం, ఎవరూ పలక్కపోవడం, తలుపు మళ్లీ ధడాలున మూసుకోవడం కలలోలా తెలిసింది. తర్వాత తెలిసిందేమిటంటే, వచ్చినవాడు వృద్ధాశ్రమం బస్సు డ్రైవరు. అరిజోనా నుంచి కొత్తగా దిగాడు, బౌలింగు సంగతి బొత్తిగా తెలియదు. లోపల ముసలివాళ్లందరూ ఉన్నవాళ్లు ఉన్నట్టే బిగుసుకుపోయి ఉన్నారు, ఒకావిడ చేతిలో కప్పు గాల్లో ఆగిపోయింది, మూలనొకాయన కళ్లు మూసుకుని పెదాలు కదుపుతున్నాడు, కౌంటరు వెనక మనిషి నోటికి వేలు అడ్డం పెట్టుకుని గుడ్లు తేలేసింది. గ్యాసు లీకై అందరికీ మత్తు కమ్మిందనుకున్నాడు. ఎదురుగా పెట్రోలు బంకుకి పరిగెత్తి అగ్నిమాపక కేంద్రానికి ఫోను చేశాడు.

పదో స్ట్రైకు పడ్డాక సైరన్లు వినిపించాయి. తలుపు బార్లా తెరిచి ముసుగులూ గొడ్డళ్లూ పట్టుకుని ఆరుగురు లోపలికి ఉరికారు. ముందున్న ఆఫీసరు గట్టిగా ఏదో అరవబోయి, పైన బోర్డు చూశాడు. అతను మంగళవారం లీగులో ఆడతాడు. అరుపు మింగేసి, హెల్మెట్ తీసి గుండెకు ఆనించుకుని అక్కడికక్కడే నిలబడిపోయాడు. వెనకవాళ్లు అతన్ని గుద్దుకుని, వాళ్లూ బోర్డు చూసి, వాళ్లూ నిలబడ్డారు. బయట సైరను కూడా ఎవరో ఆపేశారు.

నోర్బర్ట్ ముసుగుల్ని చూశాడు. తనకోసమే వచ్చారేమో, తనకేమన్నా అయిందేమో అనుకున్నాడు. అడుగుదామంటే ఎవరూ జవాబు చెప్పరు. పదకొండో బంతి విసిరాడు. పన్నెండోది విసిరాక చూడలేక వెనక్కి తిరిగాడు, కాబట్టి ఆఖరి పిన్ను పడటం అతను కళ్లతో చూడలేదు. అగ్నిమాపకదళం మొహాల్లో చూశాడు.

అరుపులకి పైకప్పు లేచిపోయింది. ఆర్డెల్ చల్లారిపోయిన కాఫీ ఆఫీసరు మీద ఒలకబోసి, నోర్బర్ట్‌ని రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టుకుంది. ఎవరో బ్రాందీ పోశారు. ఆఫీసరు గ్యాసు లేదని తేల్చి, రేడియోలో చెప్పి, తనూ ఒక గుక్క తాగాడు. ముప్పై నాలుగేళ్లలో నోర్బర్ట్ జిలిన్‌స్కీ పొందిన సంతోషమంతా ఆ కాసేపట్లో ఉంది. రెండో గ్లాసు పూర్తికాకుండానే అది అయిపోయింది.

"నోర్బ్," అన్నాడు ఎల్‌రాయ్.

అందరూ ఆగిపోయారు. పదకొండేళ్లయి ఆ నోట ఆ పేరు ఎవరూ వినలేదు.

"గీత పక్కన డబ్బా చూడు."

నోర్బర్ట్ చూశాడు. దీపం చచ్చిపడుంది.

"ఆర్డెల్ కాలు ప్రతిసారీ గీత దాటుతుంది," అంది బెర్నిస్, ఏడుపు గొంతుతో. "గంట మోగితే ఉలిక్కిపడి బంతి కాలిమీద వేసుకుంటోంది. అందుకని గురువారాలు ఆపేసి ఉంచుతాను. నాకు గుర్తొచ్చేసరికి నీకు నాలుగు పడ్డాయి. నాలుగు మీదున్నవాడికి ఎలా చెప్పను?"

"మొదట్లో చెప్పొచ్చుగా ఎవరన్నా!"

"మొదట్లో నువ్వు ఇంత ఆడతావని ఎవరనుకున్నారు?" అంది ఆర్డెల్. అందులో ఆవిడకి తప్పేమీ కనిపించలేదు.

"దీపం లేదని నాకు తెలుసు," అన్నాడు ఎల్‌రాయ్. "నేను నీతో మాట్లాడనాయె. ఆర్డెల్ చేత చెప్పిద్దామంటే, ఆవిడా నీతో మాట్లాడటం మానేసింది."

నోర్బర్ట్ అతన్ని చొక్కా పట్టుకుని బూట్ల అరల వెనక్కి లాక్కెళ్లాడు. "నా కాలు చూశావా?"

"పన్నెండుసార్లూ చూశాను. గీతకి జానెడు ఇవతలే ఆగింది."

"ఆటకి ముందే నిన్ను కాపలా పెట్టామని చెప్పు. దీపం లేకపోతే మనిషిని పెట్టుకోవచ్చు, రూల్లో ఉంది."

"ఉంది. ఆ రాత్రి నేనూ నిన్ను ఇదే అడిగాను," అన్నాడు ఎల్‌రాయ్. "నా పక్కనే నిలబడి నా కాలు చూసినవాడివి నువ్వే. 'నా కళ్లు దీపం కావు' అన్నావు."

నోర్బర్ట్‌కి తల కొట్టేసినట్టయింది. అయినా అతని చొక్కా వదల్లేదు.

"చెప్తాన్లే," అన్నాడు ఎల్‌రాయ్ చివరికి. "ఎవరడిగినా కాపలా ఉన్నాననే చెప్తాను. వేసుకో. నేను దాన్ని కత్తిరించి గోడకి అతికించుకుంటాను. పొద్దున లేవగానే చూసి నవ్వుకోడానికి నాకూ ఒకటుండాలి."

కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. నోర్బర్ట్ సిగ్గుతో చచ్చిపోయాడు, చచ్చిపోతూనే కారెక్కి ప్రెస్సు దాకా ఎర్రలైట్లన్నీ దాటుకుంటూ పోయాడు.

అప్పటికే అచ్చుయంత్రం తిరుగుతోంది. లారెయిన్ గుడ్డతో చేతుల సిరా తుడుచుకుంటోంది.

"పడిందా?" అంది.

"పడింది."

ఆవిడ కళ్లు మూసుకుని తెరిచింది. "ఏడోదానికి ఫోను చేస్తే బెర్నిస్ చెప్పింది. నీ మూడొందలతో ఒకటీ, అది లేకుండా ఒకటీ, రెండు మొదటి పేజీలు చేసి పెట్టుకున్నాను. దీపం సంగతి కూడా చెప్పింది. అందుకని రెండోది పంపాను." ఆవిడ చేతులు తుడుచుకోవడం ఆపింది. "నువ్వుంటే అదే చేసేవాడివని, నీ పరువు నిలబెడుతున్నాననుకుని పంపాను."

"ఎల్‌రాయ్ కాపలా ఉన్నాడు," అన్నాడు నోర్బర్ట్.

"ఆటకి ముందే పెట్టావా?"

నోర్బర్ట్ నేల చూశాడు. "పెట్టాను."

ఆవిడ బెర్నిస్ మాటా విన్నది, మొగుడి మాటా విన్నది. ఇంకేమీ అడక్కుండా గుడ్డ మడిచి బల్లమీద పెట్టి, యంత్రం ఆపించడానికి నడిచింది. ఆవిడ ఒక్క మాట అని ఉంటే అతను పోట్లాడేవాడు, గెలిచేవాడు. ఏమీ అనకుండా పోతున్న ఆ వీపు చూడలేకపోయాడు.

"లారెయిన్," అన్నాడు. "వద్దులే."

ఆవిడ ఆగింది. తిరిగి రాలేదు, ముందుకీ పోలేదు. చివరికి నోర్బర్ట్ కట్టలోంచి తడి ఆరని కాపీ ఒకటి లాగి, ఎడమవైపు చూశాడు. సలాడు లేదు.

"ఖాళీ నింపాలిగా," అంది లారెయిన్, ఇటు తిరక్కుండానే. "సైరన్లు విని హాలుకి మళ్లీ చేస్తే ఫోను కలవలేదు. అగ్నిమాపక కేంద్రం వాళ్లు చెప్పిందే వేశాను."

నోర్బర్ట్ కళ్లజోడు పెట్టుకుని తన పత్రిక చివరి సంచిక, మొదటి పేజీలో, మొదటిసారిగా తన పేరు చదువుకున్నాడు:

"గ్యాసు లీకయిందన్న అనుమానంతో గురువారం రివర్ బెండ్ లేన్స్‌కి అగ్నిమాపకదళం వచ్చింది. ఆ సమయంలో ఈ పత్రిక సంపాదకుడు నోర్బర్ట్ జిలిన్‌స్కీ అక్కడ ఆడుతున్నారు. ఎవరికీ ఎలాంటి నష్టమూ జరగలేదు."