మామగారు గీసిన దారి

ఆ రోజు పొద్దున్న గుర్తుల మేస్త్రి వేసుకున్న పథకం చాలా చిన్నది. తెల్లారగానే కొండెక్కాలి. జలపాతం దగ్గరున్న బల్లపరుపు బండను శుభ్రంగా ఊడ్చి, ఫ్లాస్కు నిండా టీతో కూర్చోవాలి. పదింటికి తనిఖీ మేడమ్ రాగానే లేచి నమస్కారం పెట్టాలి. అంతే. ఇంత చిన్న పథకం చెడిపోవడానికి చోటెక్కడుందని మీరడగవచ్చు. మేస్త్రి కూడా అలాగే అనుకున్నాడు పాపం.

అతని పని బండలకు రంగు వెయ్యడం. ఆ నదీలోయలో రాళ్ళూ చెట్లూ నీళ్ళూ తప్ప మరేమీ లేవు. వాటిని చూడటానికే జనం వీపుకు సంచులు తగిలించుకుని వస్తారు. వాళ్ళు దారి తప్పకుండా మార్గాల ఆఫీసు తరఫున అతను బండల మీదా చెట్ల మొదళ్ళ మీదా పసుపు గుర్తులు వేస్తాడు. రెండు గీతలుంటే ముందుకు పొమ్మని, బాణముంటే అటు తిరగమని, సున్నా చుట్టి ఉంటే అక్కడ కూర్చుని సేద తీరమని. ఆరేళ్ళుగా టెంపరరీగానే ఈ పని చేస్తున్నాడు. ఇవాళ మేడమ్ నాలుగో నంబరు దారిలో జలపాతం దాకా నడిచి బాగుందని రాస్తే పర్మనెంటవుతుంది. బాగాలేదని రాస్తే వచ్చే నెల నుంచి ఆ పని ఇంకొకరిది, అతను ఇంట్లో కూర్చోవలసిందే.

మేడమ్ సంగతి లోయంతా తెలుసు. ఆవిడ మ్యాపు పట్టుకోరు, ఎవర్నీ దారి అడగరు, గుర్తు ఎటు పొమ్మంటే అటే పోతారు. గోతిలోకి పొమ్మన్నా పోతారనీ, పోయాక ఆ గుర్తు వేసినవాడి ఉద్యోగాన్ని కూడా అందులోనే పూడ్చి వస్తారనీ చెప్పుకుంటారు. ఆ తలపుతోనే మేస్త్రికి వారం రోజులుగా నిద్ర లేదు.

బయల్దేరేముందు అతను భార్యతో ఒకే మాట చెప్పాడు, మామయ్యగారిని కాస్త కనిపెట్టుకుని ఉండమని. మామగారు ఈమధ్యే వాళ్ళతో ఉండటానికి వచ్చారు. ముప్పయ్యేళ్ళు పోస్ట్‌మాన్‌గా చేసిన మనిషి, ఊళ్ళో ఉన్నప్పుడు ఏ సందులో ఎవరుంటారో కళ్ళు మూసుకుని చెప్పేవారు. అయితే చెట్లకు డోర్ నంబర్లుండవు కదా. పొద్దున్నే ఇంటి వెనక నుంచి నాలుగో దారిలోని జోడుబండల మలుపు దాకా నడిచి వెళ్ళడం, తిరిగొచ్చేటప్పుడు ఇల్లు దొరక్క తికమకపడటం ఆయనకు అలవాటైపోయింది. కిందటి వారం రెండుసార్లు ఎవరో చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి దించారు.

పది గంటలైంది. మేడమ్ రాలేదు. పదిన్నరైంది. మేడమ్ కాదు కదా, రోజూ ఆపాటికి ఇరవైమందైనా చేరే జలపాతం దగ్గరకు ఒక్క పురుగు కూడా రాలేదు. మేస్త్రి గుండెల్లో రాయి పడింది. నాలుగో దారిలో ఒకచోట బండ అంచు మీద నడవాలి, కింద నది. ఫోన్ తీసి ఆఫీసు గుమాస్తాకు చేశాడు. కొండ మీద సిగ్నల్ ఉంటుంది, అతని ఇల్లున్న లోయ అడుగున మాత్రం ఉండదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ఆ పూట జరిగిన అనర్థాల్లో సగం దాని పుణ్యమే.

గుమాస్తా చెప్పినదాన్ని బట్టి మేడమ్ ఏడింటి బస్సులోనే దిగారు, వెనకాల ఇంకో పదిహేడుమంది దిగారు, అందరూ నాలుగో దారే పట్టారు. అయితే పైకి రాలేదన్నాడు మేస్త్రి. కనుక్కుంటానన్నాడు గుమాస్తా. పావుగంటలో మళ్ళీ ఫోన్ వచ్చింది. రెస్క్యూవాళ్ళు ఎనిమిదిమంది, రెండు తాళ్ళు, ఒక స్ట్రెచర్, గాలి కొట్టిన ట్యూబు ఒకటి బయల్దేరాయట.

"ట్యూబెందుకండీ?" అన్నాడు మేస్త్రి.

"మేడమ్ నదిలో పడ్డారుగా."

"పడ్డారని ఎవరన్నారు?"

"మీరే కదా పైకి రాలేదన్నారు. పైకి రాకపోతే కిందికే కదా వెళ్ళేది."

ఇలాంటి బుర్రకు బదులు చెప్పడం ఎవరి తరం? మేస్త్రి ఇంకో గంట రెస్క్యూవాళ్ళ కోసం చూశాడు. వాళ్ళూ రాలేదు. ఒకరు తప్పిపోయారంటే అర్థముంది, పద్దెనిమిదిమంది తప్పిపోయారన్నా ఎలాగో సరిపెట్టుకోవచ్చు. వెతకడానికొచ్చినవాళ్ళు కూడా మాయమైతే మనిషన్నవాడికి మతిపోదా? ఫ్లాస్కు బండ మీదే వదిలేసి, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కిందికి పరుగు తీశాడు. బండ అంచు దగ్గర బోర్లా పడుకుని నదిలోకి తొంగి చూశాడు. మేడమ్ టోపీ అనుకుని ఒక ఎండుటాకు కోసం ఐదు నిమిషాలు ఏడ్చాడు కూడా. ఉద్యోగం పోతే పోయింది, ఆవిడ ప్రాణాలతో ఉంటే చాలనుకున్నాడు. అది మనస్ఫూర్తిగానే అనుకున్నాడు.

జోడుబండల మలుపు దగ్గర అతని కాళ్ళు టక్కున ఆగిపోయాయి. కుడివైపు అతని పాత గుర్తు వెలిసిపోయి ఉంది. ఎడమవైపు బండ మీద మాత్రం కొత్త బాణం, ముట్టుకుంటే వేలికి అంటుకునే పచ్చి పసుపు రంగు. దాని తర్వాత పది అడుగులకు రెండు గీతలు, మరో పది అడుగులకు మరో రెండు గీతలు, అంచులు స్కేలు పెట్టి కొట్టినట్టున్నాయి. తన ఉద్యోగం మీద కన్నేసినవాడెవడో తను పొద్దున కొండెక్కాక ఈ పని చేశాడని మేస్త్రికి తేలిపోయింది. పళ్ళు పటపట కొరుకుతూ, దొరికితే వాణ్ణి ఏం చెయ్యాలో వరుసగా అనుకుంటూ ఆ గుర్తుల వెంటే నడిచాడు. తుప్పలు దాటి, వాగు దాటి, చివరి గీతలు దాటి తలెత్తి చూస్తే ఎదురుగా తన ఇంటి పెరటి తలుపు. దాని మీద చక్కగా చుట్టిన పసుపు సున్నా.

పెరట్లో వరసగా పదిహేడు సంచులు. అరుగు మీద స్ట్రెచర్, దాని మీద ఎవరిదో గుర్రు. వంటింట్లో రెస్క్యూ నాయకుడు గ్లాసులు కడుగుతున్నాడు. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కుర్చీలో, గోరువెచ్చని నీళ్ళ బకెట్టులో పాదాలు పెట్టుకుని, తనిఖీ మేడమ్. మేస్త్రి గడపలోనే కూలబడ్డాడు. బతుకు జీవుడా అనుకుంటే కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారాయి.

"మేడమ్, మీరు బతికే ఉన్నారా?"

"టీ కొంచెం ఆలస్యమైంది గానీ బతికే ఉన్నాను," అన్నారు ఆవిడ. "ఈ విశ్రాంతి గృహం మీ జాబితాలో లేదేం?"

అతను నోరు తెరిచేలోపే భార్య వచ్చింది. ఆఫీసువాళ్ళను ముప్పైమందిని ఇంటికి పంపేటప్పుడు పెళ్ళానికి ఒక మాట చెప్పాలని తెలియదా, వారానికని తెచ్చిన పాలు గంటలో అయిపోయాయి, గ్లాసులు లేక పూలకుండీలు కడిగి ఇచ్చానని దులిపేసింది. అది విశ్రాంతి గృహం కాదని మేడమ్‌కు అప్పుడు తెలిసింది. ఆవిడ పాదాలు బకెట్టులోంచి మెల్లగా బయటికొచ్చాయి.

మూలన నిలబడ్డ మామగారు ముందుకొచ్చారు. పది వేళ్ళూ పసుపే.

"నేనే అమ్మా. అల్లుడుగారికి తెలీదు," అన్నారు. "ఇల్లు కనబడక రెండుసార్లు అడవిలో కూర్చున్నాను. మూడోసారి కూర్చోడానికి సిగ్గేసింది. పొద్దున్నే డబ్బాలో మిగిలిన రంగు తీసి వేసుకున్నాను. నా ఒక్కడి కోసమే అనుకున్నా."

మేస్త్రికి కోపం రావలసింది, రాలేదు. లేచి వెళ్ళి, తల దించుకున్న పెద్దాయన పక్కన నిలబడ్డాడు. "డబ్బా ఇంట్లో పెట్టింది నేను మేడమ్. తప్పు నాదే, ఆయన్ని ఏమీ అనకండి," అన్నాడు. ఆరేళ్ళ ఆశ ఆ మాటతో నీళ్ళపాలైందని అతనికి తెలుసు.

గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు, అప్పుడే పెరట్లోంచి రెస్క్యూ కుర్రవాడొకడు ఒళ్ళంతా ముళ్ళ గీతలతో లోపలికొచ్చాడు. మేడమ్ క్షేమమని పైనున్న మేస్త్రికి చెప్పిరమ్మని వాళ్ళ నాయకుడు గంట క్రితమే పంపాడట. మలుపు దాటాక రెండో గుర్తు ఎక్కడుందో ఎంత వెతికినా దొరకలేదట.

"అక్కడ గుర్తెందుకండీ?" అన్నాడు మేస్త్రి, నిజంగానే అర్థం కాక. "అక్కడెవరు తప్పుతారు?"

అందరూ అతనివంకే చూశారు. మేడమ్ పుస్తకం తెరిచి చాలాసేపు రాశారు. ఆ కలం చప్పుడుకే మేస్త్రి ముఖంలో నెత్తుటి చుక్క లేకుండా పోయింది.

"బస్సు దగ్గర్నుంచి మలుపు దాకా నేను నాలుగుచోట్ల ఆగాల్సొచ్చింది," అన్నారు ఆవిడ చివరికి. "మలుపు నుంచి ఇక్కడికి ఒక్కచోట కూడా ఆగలేదు. ఇంత మంచి గుర్తులు నేను ఎక్కడా చూళ్ళేదు. మీకు దారి తెలుసు, అందుకే ఎక్కడ గుర్తు కావాలో మీకు తెలీదు. ఈయనకి దారి తెలీదు. ఎక్కడ కావాలో ఈయనకే తెలుసు."

ఆ మాటతో మామగారి తల పైకి లేచింది. మేస్త్రి భార్య పమిట చెంగుతో కళ్ళొత్తుకుని, ఇంకో గ్లాసు టీ కోసం పక్కింటికి పాల గిన్నె పట్టుకుని పరిగెత్తింది. మేడమ్ రాసిన కాగితం వారం తిరక్కుండా ఆర్డరై వచ్చింది. మేస్త్రి ఉద్యోగం పర్మనెంటు. షరతు ఒక్కటే, ఇకమీదట ఏ దారిలోనైనా మామగారిని వెంటబెట్టుకెళ్ళి, ఆయన ఎక్కడ ఆగితే అక్కడే గుర్తు వెయ్యాలి. ఆర్డరొచ్చిన రాత్రి మేస్త్రి అన్నాళ్ళ బాకీ నిద్ర మొత్తం పోయాడు.

మర్నాడు పొద్దున నాలుగో దారిలో మామగారు ముందు నడుస్తున్నారు. వెనకాల పర్మనెంటు ఉద్యోగి, ఆయన ఎప్పుడు దారి తప్పుతారా అని ఆశగా ఎదురుచూస్తూ నడుస్తున్నాడు.